వ్రాయించుకొనే వేళ మనమే యాజమాన్యం

ప్రతి ఉద్యోగ సంఘానికి, ప్రతి సహకార పరపతి సంఘానికి ఏదో ఒకనాడు మంచి రచన అవసరమవుతుంది. సభ్యత్వ సేకరణకు కరపత్రం కావాలి. పరపతి సంఘం తన కొత్త డిపాజిట్ పథకాన్ని సభ్యులకు తెలియజేయాలి. మహాసభకు ప్రత్యేక సంచిక వెలువరించాలి. పదవీ విరమణ చేసిన సోదరుడొకరు చిన్న హోటలో, జిరాక్సు దుకాణమో తెరిస్తే దానికొక ప్రకటన వ్రాయించాలి. ఒకప్పుడు ఇటువంటి పనులను బ్రాంచిలో చేయి తిరిగిన సహోద్యోగి ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ దిగివచ్చి పూర్తి చేసేవారు. నేడు ఖాళీలు భర్తీ కాక పనిభారం పెరిగిన చోట ఆ తీరిక ఎవరికీ మిగలడం లేదు. అందువల్ల అనేక శాఖలు, సంఘాలు ఫ్రీలాన్స్ రచయితలను ఆశ్రయిస్తున్నాయి. ఎవరి జీతపు పట్టీలోను పేరు లేకుండా, పనికింత అని ప్రతిఫలం తీసుకొని, ఇంటివద్దనే కూర్చుని ప్రచార రచన చేసేవారు వీరు. వీరితో మనం ఎట్లా వ్యవహరించాలి, వీరి నుండి ఏమి ఆశించాలి, ఏమి ఆశించరాదు అన్న విషయాలను సభ్యుల దృష్టికి తేవడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇది సంపాదకీయానికి తగినంత పెద్ద సమస్యా అని కొందరు ప్రశ్నించవచ్చు. మన ఉద్యోగ జీవితమంతా మనం యాజమాన్యానికి ఎదురుగా కూర్చున్నవారం. ఈ ఒక్క సందర్భంలో మాత్రం బల్లకు అవతలి వైపున కూర్చుంటాము. పని చెప్పేది మనం, ధర నిర్ణయించేది మనం, డబ్బు చేతిలో ఉన్నదీ మనకే. మన సిద్ధాంతాలు మన నోటిలోనే ఉన్నవా, లేక చేతలలో కూడా ఉన్నవా అన్నది ఇటువంటి చోటనే తేలుతుంది. కనీస వేతనం గురించి కరపత్రం వ్రాయించుకొని, ఆ వ్రాసినవానికి ఆరు నెలలైనా డబ్బు చెల్లించని సంఘం ఏ ముఖంతో ఆ కరపత్రాన్ని పంచగలదు?

జీతం వచ్చే తేదీ విలువ రైల్వే కార్మికునికి చెప్పనక్కరలేదు. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం తొలుత వర్తించినది కర్మాగారాలకు, రైల్వేలకే. వేయిమందికి లోపు పనిచేసే చోట మరుసటి నెల 7వ తేదీ, అంతకు మించిన చోట 10వ తేదీ దాటకుండా జీతం చెల్లించాలని ఆ చట్టం శాసించింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. కోడ్‌లపై కార్మికోద్యమానికి ఉన్న అభ్యంతరాలు అలా ఉండగా, నెల జీతానికి మరుసటి నెల 7వ తేదీ అనే గడువు అందులోను నిలిచియున్నది. కాని స్వతంత్రంగా పనిచేసే రచయితకు అటువంటి తేదీ లేదు. భవిష్యనిధి లేదు, సెలవు జీతం లేదు, వైద్య సౌకర్యం లేదు. జ్వరం వచ్చిన వారం రోజులు ఆదాయం లేని రోజులే. ఈ వాస్తవాన్ని గుర్తుంచుకొనే ఆయన చెప్పిన ధరను మనం బేరీజు వేయాలి.

పట్టీకి వెలుపల ఉన్నవారి కష్టం తపాలా సోదరులకు మరింత బాగా తెలుసు. దశాబ్దాల పాటు 'శాఖేతర ఏజెంట్లు' అనే పేరుతో గ్రామాలలో తపాలా వ్యవస్థను మోసినవారు, ఇప్పటి గ్రామీణ డాక్ సేవకులు, శాఖ పని చేస్తూనే శాఖకు బయటివారుగా పరిగణింపబడినారు. వారు నిర్వహించేవి సివిల్ పోస్టులేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. పని లోపల, మనిషి బయట అనే ఈ పద్ధతిని మనం అంగీకరించలేదు. ఫ్రీలాన్స్ రచయిత మన ఉద్యోగి కాడన్నది నిజమే. కాని ఉద్యోగి కాకపోవడం వేరు, శ్రామికుడు కాకపోవడం వేరు.

ఇక ఆచరణకు సంబంధించిన విషయాలకు వద్దాము.

మంచి రచయిత మొట్టమొదట చేసే పని ప్రశ్నలు అడగడం. ఈ కరపత్రం ఎవరి కోసం? చదివినవారు ఏమి చేయాలి? దానిని ఎక్కడ పంచుతారు? ఎన్ని పుటలు? ఏ తేదీకి కావాలి? ఈ ప్రశ్నలను విసుగుగా భావించరాదు. ఏమీ అడగకుండా 'సరే, రేపు ఇస్తాను' అనే రచయిత కంటె పది ప్రశ్నలు వేసే రచయిత నమ్మదగినవాడు. అయితే జవాబులు సిద్ధంగా ఉంచుకొనే బాధ్యత మనది. కార్యవర్గంలో ముగ్గురు మూడు విధాలుగా చెప్పితే రచయిత చేయగలిగినది ఏమీ లేదు. సంఘం తరఫున మాట్లాడే ఒక్క వ్యక్తిని నియమించాలి.

సమాచారం ఇవ్వడంలో ఎంత జాగ్రత్త అవసరమో ఒక ఉదాహరణ చెప్పుదుము. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకం గురించి సభ్యులకు కరపత్రం వ్రాయించాలనుకొందాము. 25 సంవత్సరాల అర్హమైన సర్వీసు ఉన్నవారికి పదవీ విరమణకు ముందు 12 నెలల సగటు మూల వేతనంలో 50 శాతం పింఛను. కనీసం 10 సంవత్సరాల సర్వీసు ఉంటే నెలకు 10,000 రూపాయల కనీస పింఛను. ఇవి ఆ పథకంలోని ముఖ్యాంశాలు. '12 నెలల సగటు' అన్న చోట 'చివరి నెల జీతం' అని పడితే ఆ ఒక్క మాటను నమ్మి సభ్యుడు తప్పు లెక్క వేసుకొంటాడు. రచయితకు రైల్వే బోర్డు సర్క్యులరు భాష తెలియకపోవచ్చు. మూల ఉత్తర్వు ప్రతిని ఆయనకు ఇవ్వడం, వ్రాసిన తరువాత ప్రతి అంకెను సరిచూడడం వ్రాయించుకొనే వారి పని. భాష రచయితది, వాస్తవం మనది.

రెండవ విషయం కాలం. నాలుగు పుటల కరపత్రమే కదా, ఒక్క రాత్రిలో కాదా అని అడిగేవారున్నారు. లెవెల్ క్రాసింగ్ వద్ద గేటుమన్ రెండు బండ్ల మధ్య కూర్చున్న సమయం పని కాదని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? అది కూడా విధి నిర్వహణయేనని మన ఉద్యమం ఏనాటి నుండో వాదిస్తున్నది. రచయిత చదివిన సమయం, ఆలోచించిన సమయం, వ్రాసి కొట్టివేసిన సమయం కూడా పనియే. కాగితం మీద కనిపించే పుటలు ఆ పనిలో చివరి భాగం మాత్రమే. కనుక తగిన వ్యవధి ఇవ్వాలి. అత్యవసరమైతే ఆ అత్యవసరానికి అదనపు ప్రతిఫలం ఇవ్వాలి. ఓవర్‌టైం భత్యం అడిగే మనకు ఈ న్యాయం అర్థం కాకపోదు.

మూడవది దిద్దుబాట్లు. మొదట వచ్చేది చిత్తుప్రతి. దానిని చూసి అభిప్రాయం చెప్పే హక్కు వ్రాయించుకొనేవారికి ఉన్నది. ఆ మేరకు దిద్ది ఇవ్వడం రచయిత విధి. సాధారణంగా రెండు పర్యాయాల దిద్దుబాటు ధరలోనే కలిసి ఉండాలని ముందుగా ఒప్పుకోవడం ఉభయులకూ మేలు. అభిప్రాయాలన్నిటిని ఒకేసారి, వ్రాతపూర్వకంగా తెలపాలి. 'ఏదో బాగా లేదు' అనడం అభిప్రాయం కాదు. ఏ వాక్యం, ఎందుకు అన్నది చెప్పాలి. విషయమే మారితే, అనగా సభ్యత్వ కరపత్రం అడిగి తరువాత మహాసభ ఆహ్వానం కావాలంటే, అది దిద్దుబాటు కాదు, కొత్త పని. దానికి వేరే ప్రతిఫలం ఉంటుంది.

నాలుగవది ధర. కొందరు మొత్తం పనికి ఒక ధర చెప్పుతారు, కొందరు గంటకు, కొందరు మాటకు ఇంత అంటారు. ప్రతి నెల పని ఉన్న సంఘాలు నెలవారీ మొత్తం కుదుర్చుకోవచ్చు. మాట లెక్కన ధర కట్టే పద్ధతి విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటున్నది. ఈ పద్ధతి ఇంగ్లీషు నుండి వచ్చినది. ఇంగ్లీషులో విభక్తులకు బదులు విడి మాటలుంటాయి. తెలుగులో అవి పదానికి అతుక్కొని ఒకే మాట అవుతాయి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలుగా లెక్కకు వచ్చే భావం తెలుగులో 'వ్రాయలేకపోయినవారికి' అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ఇంగ్లీషు రేటునే తెలుగు మాటకు వర్తింపజేస్తే, అంతే పని చేసిన తెలుగు రచయితకు తక్కువ కూలి ముట్టుతుంది. ఇది ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాకపోవచ్చు, అయినా అన్యాయమే. తెలుగు పనికి పుట లెక్కనో, మొత్తం పని లెక్కనో ధర నిర్ణయించడం మేలని మా సలహా.

'ముందు ఒకటి ఉచితంగా వ్రాసి చూపండి, నచ్చితే పని ఇస్తాము' అనడం మానుకోవాలి. ఆయన ఇదివరకు వ్రాసిన రచనలు చూడండి. అవి చాలకపోతే ఒక చిన్న పని ఇచ్చి దానికి డబ్బు చెల్లించండి. 'ఇది ఉద్యమం పని కదా' అంటూ ధర తగ్గించమనడం కూడా తగదు. ఉద్యమం కోసం ఉచితంగా వ్రాయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయించుకోవలసిన విషయం, మనం విధించవలసిన షరతు కాదు. ముద్రాపకునికి, కాగితం వ్యాపారికి, మైకు సెట్టు వానికి పూర్తిగా చెల్లించి, వ్రాసినవాని దగ్గర మాత్రమే ఉద్యమం గుర్తుకు వస్తే అది విచారకరం.

ఐదవది ఫలితం. ప్రచార రచన మనుషులను చదివించగలదు, ఆలోచింపజేయగలదు. ఇంతమంది సభ్యులు చేరుతారని, ఇన్ని లక్షల డిపాజిట్లు వస్తాయని ఏ రచయితా హామీ ఇవ్వలేడు, ఇచ్చేవానిని నమ్మరాదు. పథకంలో బలం లేకుండా, కౌంటరులో మర్యాద లేకుండా, కరపత్రం ఒక్కటే ఏమీ సాధించదు. ఫలితం రాలేదని వ్రాసినవాని ప్రతిఫలాన్ని కోయడం, బండి ఖాళీగా వెళ్ళినదని డ్రైవరు జీతం కోయడం వంటిది.

ఆరవది నిజాయితీ. రచయిత చేత అసత్యం వ్రాయించరాదు. ఆయన వ్రాయనంటే కోపగించరాదు, కృతజ్ఞత చెప్పాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 10 లక్షల రూపాయల వరకు, తిరిగి అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి 2020లో జరిగిన సవరణ దరిమిలా, అనుమతి లేని సహకార సంఘం తన పేరులో గాని వ్యాపారంలో గాని 'బ్యాంకు' అనే మాట వాడరాదు. 'మన ఉద్యోగుల బ్యాంకు' అని వ్రాయమంటే మంచి రచయిత ఆగి అడుగుతాడు. అట్లే బీమా పాలసీల బోనస్ ఎప్పటికప్పుడు ప్రకటింపబడేదే గాని ముందుగా హామీ ఇవ్వబడేది కాదు. 1884లో తపాలా ఉద్యోగుల కొరకే ప్రారంభమైన తపాలా జీవిత బీమాను నేడు గడప గడపకు తీసుకొని వెళ్ళుతున్నది మన సోదరులే. కరపత్రంలో హామీగా చెప్పిన మాట రేపు నిజం కాకపోతే పాలసీదారు నిలదీసేది ఆ కరపత్రం వ్రాసినవానిని కాదు, దానిని చేతికిచ్చిన పోస్ట్‌మన్‌ను.

ఏడవది హక్కులు. ఈ విషయంలో అపోహలు ఎక్కువ. డబ్బిచ్చి వ్రాయించాము గనుక రచన మనదే అని చాలామంది అనుకుంటారు. 1957 నాటి కాపీరైటు చట్టం అట్లా చెప్పడం లేదు. నెల జీతపు ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా వ్రాసినదానిపై, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి హక్కు ఉంటుంది. ప్రతిఫలమిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రం, చిత్రపటం తీయించుకొన్నవారికి చెందుతుంది. కాని స్వతంత్ర రచయిత చేత వ్రాయించిన రచనకు మొదటి హక్కుదారు రచయితయే. ఆ హక్కు మనకు బదిలీ కావాలంటే ఆయన సంతకంతో వ్రాతపూర్వక పత్రం ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి వ్రాయకపోతే 5 సంవత్సరాలకు మాత్రమే, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశానికి మాత్రమే అది వర్తిస్తుంది. హక్కు బదిలీ చేసిన తరువాత కూడా, తన రచనను గౌరవానికి భంగం కలిగేటట్లు వికృతం చేయరాదని అడ్డుకొనే అధికారం రచయితకు మిగిలి ఉంటుంది. పెద్ద సంచికలకు ఈ పత్రం తప్పనిసరిగా వ్రాయించుకోవాలి.

ఎనిమిదవది చెల్లింపు. పని మొదలుపెట్టే ముందు కొంత అడ్వాన్సు, మిగిలినది తుదిప్రతి అందిన తరువాత నిర్ణీత తేదీలోగా. పని మధ్యలో మనమే నిలిపివేస్తే అంతవరకు జరిగిన పనికి చెల్లించాలి. 'ఒప్పంద పత్రం లేదు కదా' అనే సాకు చెల్లదు. ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వలన మరొకరు ప్రయోజనం పొందితే దానికి ప్రతిఫలం ఇవ్వవలసిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను చెప్పుతున్నది. రచయిత ఉద్యమ్ నమోదు పొందిన సూక్ష్మ సంస్థగా ఉంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం వర్తిస్తుంది. ఒప్పందంలో ఏమి వ్రాసుకొన్నా పనిని స్వీకరించిన నాటి నుండి 45 రోజులు దాటరాదు. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెల నెలా చక్రవడ్డీ కట్టవలసి ఉంటుంది. చట్టం భయంతో కాదు, న్యాయబుద్ధితో చెల్లించాలి. కాని చట్టం ఉన్నదన్న సంగతి కోశాధికారులకు తెలిసి ఉండాలి. పన్ను మినహాయించవలసి ఉంటే మినహాయించి, ఆ సర్టిఫికెట్టును సకాలంలో అందజేయాలి.

ఇటీవల యంత్రమే క్షణాలలో వ్రాసి ఇస్తున్నది గదా, రచయిత ఎందుకన్న మాట వినవస్తున్నది. కృత్రిమ మేధ వ్రాసిన తెలుగు చూపుకు సాఫీగా ఉన్నా, లేని ఉత్తర్వును ఉన్నట్లు, తప్పు తేదీని ఒప్పు వలె చెప్పగలదు. సభ్యుడు అడిగినప్పుడు జవాబు చెప్పవలసినది యంత్రం కాదు. రచయిత యంత్ర సహాయం తీసుకొంటే ఆ సంగతి మనకు ముందుగా తెలపాలని, ప్రతి వాస్తవాన్ని తానే సరిచూడాలని అడగడం మన హక్కు. సభ్యుల పేర్లు, సర్వీసు వివరాలు, ఫోను నంబర్లు అనవసరంగా ఎవరి చేతికీ ఇవ్వరాదు.

బాధ్యత ఒకవైపుననే ఉన్నదని మేము చెప్పడం లేదు. ఒప్పుకొన్న తేదీకి ఇవ్వడం, ఇతరుల రచనను ఎత్తి వ్రాయకపోవడం, సంఘం అంతరంగిక విషయాలను బయటపెట్టకపోవడం, చేయలేని పనిని చేయలేనని మొదటనే చెప్పడం రచయిత ధర్మం. ఆ ధర్మం తప్పినవానికి మరల పని ఇవ్వనక్కరలేదు. అయితే ఏమి ఒప్పుకొన్నారో కాగితం మీద లేనప్పుడు ఎవరు తప్పినారో చెప్పడం కష్టం.

మన సభ్యులలోను కలం పట్టినవారున్నారు. వారికొక హెచ్చరిక. 1966 నాటి రైల్వే సేవల ప్రవర్తనా నియమావళి గాని, 1964 నాటి కేంద్ర సివిల్ సేవల ప్రవర్తనా నియమావళి గాని, విధులకు భంగం రానంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా కృషిని ముందస్తు అనుమతి లేకుండానే అనుమతిస్తున్నవి. వ్యాపారం గాని, ఇతర ఉద్యోగం గాని అనుమతి లేకుండా చేయరాదని అవే నియమాలు చెప్పుతున్నవి. కథ వ్రాయడం మొదటి కోవలోనిది. దుకాణాలకు నిత్యం ప్రకటనలు వ్రాసి సంపాదించడాన్ని ఆ కోవలో చేర్చి ధైర్యంగా ఉండరాదు; ముందుగా అనుమతి పొందాలి. కార్మిక నాయకునిపై సాకు వెదికే అధికారికి సాకు అందించవద్దు.

ఈ సందర్భంగా మా సూచన ఒకటి. ప్రతి శాఖ, ప్రతి పరపతి సంఘం తన తదుపరి కార్యవర్గ సమావేశంలో ఒక చిన్న తీర్మానం చేయాలి. వ్రాయించే ప్రతి పనికి ఒక పుట ఒప్పందం ఉండాలి. అందులో పని ఏది, ఎన్ని పుటలు, ఏ తేదీ, ఎన్ని దిద్దుబాట్లు, ఎంత ధర, ఎంత అడ్వాన్సు, మిగిలినది ఏనాటికి, హక్కు ఎవరికి, సంఘం తరఫున మాట్లాడేది ఎవరు అన్న తొమ్మిది అంశాలు ఉంటే చాలును. బడ్జెటులో ముద్రణకు కేటాయించినట్లే రచనకు కూడా ఒక పద్దు ఉండాలి. ఆ పద్దు లేకపోవడం వల్లనే చాలా చోట్ల రచయిత డబ్బు అన్నిటికంటె చివరకు నెట్టబడుతున్నది.

రైలు పట్టా మీద గ్యాంగ్‌మన్ సుత్తి దెబ్బకు, సార్టింగ్ బల్ల వద్ద నిలబడ్డ కాళ్ళ నొప్పికి ఎంత విలువ ఉన్నదో, మన మాటను ప్రజల వద్దకు చేర్చే వాక్యానికీ అంత విలువ ఉన్నది. చేసిన పనికి చెప్పిన కూలి, చెప్పిన రోజున! మన కొరకు మనం కోరినదానిని మన కొరకు పనిచేసినవారికి మొదట మనమే ఇచ్చి చూపాలని సభ్యులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాము.